వేషం – అబద్ధం

ఒకణ్ణి అబద్ధాలకోరని తిట్టడానికి తెలుగులో మాటలు వెతుక్కోవలసిన పని లేదు. నాటకం వాళ్ల దగ్గరికి పోయి తెచ్చుకుంటాం. "నాటకాలాడకు" అంటాం. "వేషాలు వెయ్యకు" అంటాం. ఎవరైనా దాచుకున్న గుట్టు రట్టయితే "వాడి భాగోతం బయటపడింది" అంటాం. భాగవతం అన్న మాట పోతన చేతిలో ఉన్నంతసేపు పుణ్యం. గజ్జె కట్టి వీధిలో ఆడేవాడి దగ్గరికి వచ్చేసరికి అదే మాట తిట్టయింది. ఇది మన ఒక్కరి పాపమే కాదు. గ్రీకులు నటుణ్ణి 'హుపోక్రితేస్' అన్నారు. బదులు చెప్పేవాడు అని కొందరూ, అర్థం విప్పి చెప్పేవాడు అని కొందరూ ఆ మాటకు వ్యుత్పత్తి చెబుతారు. ఏదైనా గౌరవమైన మాటే. అదే మాట యూరపు భాషల్లోకి వచ్చి 'హిపోక్రైట్' అయింది, అంటే కపటి.

నటన అబద్ధమా? అబద్ధమైతే దాన్ని కోరి, కొబ్బరికాయ కొట్టి, తెల్లవార్లూ కూర్చుని చూసే సంఘానికి ఆ అబద్ధంలో వాటా ఎంత? నాటకం పుట్టుక గురించి రాసేవాళ్లు ఈ ప్రశ్నను సాధారణంగా పక్కకి నెట్టి, డయోనిసస్ ఉత్సవాలూ, మేకపాటా, ద్రాక్షసారా వర్ణించి ఊరుకుంటారు. నాకు మాత్రం ఈ ప్రశ్న నాటకం పుట్టుకలోనే ఉందనిపిస్తుంది. గ్రీకులకు తెలిసిన మొట్టమొదటి నటుడి గురించి మిగిలిన కథే ఈ ప్రశ్నతో మొదలవుతుంది.

ఆ నటుడు థెస్పిస్. బృందగానం నుంచి విడివడి, తాను ఇంకొకరుగా నిలబడి మాట్లాడిన తొలి మనిషి అతడేనని ఏథెన్సు సంప్రదాయం. అతని ఆట చూడడానికి వృద్ధుడైన సోలన్ వెళ్లాడట. ఏథెన్సుకు శాసనాలు రాసినవాడు, అప్పు తీర్చలేని రైతును బానిసగా అమ్మడం మాన్పించినవాడు, తాను కవి కూడాను. ఆట అయ్యాక థెస్పిస్‌ను పిలిచి, ఇంతమంది ముందు ఇన్ని అబద్ధాలు చెప్పడానికి సిగ్గు లేదా అని అడిగాడని ప్లూటార్క్ రాశాడు. ఆటలో అలా అంటే తప్పేముందని థెస్పిస్ బదులు చెప్పాడు. సోలన్ చేతికర్ర నేలకేసి కొట్టి, ఈ ఆటను మనం ఇలాగే మెచ్చుకుంటూ పోతే రేపు మన ఒడంబడికల్లోకి కూడా వచ్చి కూర్చుంటుందన్నాడు.

ఇది జరిగిన కథో, కల్పించిన కథో గాని సోలన్ ప్రశ్న ముసలివాడి చాదస్తం కాదు. అప్పుపత్రాల్లోని మోసాన్ని కళ్లారా చూసినవాడి భయం అది. అలాంటివాడికి, పదిమందిలో నిలబడి "నేను ఫలానా రాజును" అని చెప్పే మనిషి భయం పుట్టించడంలో ఆశ్చర్యం లేదు.

నాటకం పుట్టుకకు మన వైపు వాళ్లు చెప్పే జవాబు ఒకటి సిద్ధంగా ఉంది: నాటకం శ్రమలోంచి, సమష్టి కర్మకాండలోంచి పుట్టింది. ఈ మాటను అందరికంటె గట్టిగా, పాండిత్యంతో చెప్పినవాడు జార్జి థామ్సన్. 1941లో వచ్చిన 'ఈస్కిలస్ అండ్ ఏథెన్స్' అనే ఆయన గ్రంథం చదివి కళ్లు తెరుచుకున్నవాళ్లు మనలో ఎందరో. తెగల సమాజంలోని దీక్షాకర్మల నుంచి విషాదనాటకం దాకా ఆయన ఒక దారి వేశాడు. గ్రీకు రంగస్థలంలో 'ఒర్కెస్త్రా' అంటే బృందం ఆడే వలయం. అది మొదట ధాన్యం నూర్చే కళ్లమేనని చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఎచ్చెర్లలో కాపురముంటూ ఈ మాట కాదనడం నాకు సాధ్యం కాదు. మా జిల్లాల్లో తప్పెటగుళ్లు చూసినవాడికి గ్రీకు బృందం ఎలా ఉండేదో పుస్తకం చెప్పనక్కరలేదు. పదిహేను ఇరవైమంది యాదవులు గుండెల మీద తప్పెట్లు కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలు ఒక్కటిగా మోగిస్తూ వలయం తిరుగుతారు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కడతారు. గురువు పాట ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకుంటారు. మందలు కాసేవాళ్ల ఒంటి కదలికలన్నీ అందులో ఉన్నాయి. ఇది శ్రమలోంచి రాలేదని ఎవరనగలరు?

కాని ఇక్కడో చిక్కుంది. శ్రమ బృందాన్ని ఇచ్చింది, లయను ఇచ్చింది, పాటను ఇచ్చింది. నటుణ్ణి ఎవరిచ్చారు? ఊడుపు పాట వెయ్యేళ్లు పాడినా అది ఊడుపు పాటే గాని నాటకం కాదు. విషాదనాటకం, బృందగానం నడిపించే నాయకుల నుంచి మొదలైందని అరిస్టాటిల్ క్లుప్తంగా చెప్పి వదిలేశాడు. ఆ నాయకుడు వెనక్కి తిరిగి, తనవాళ్లకు ఎదురుగా నిలబడి, తాను కానివాడుగా మాట్లాడిన క్షణం ఒకటుంది. ఈస్కిలస్ రెండో నటుణ్ణి, సోఫోక్లిస్ మూడో నటుణ్ణి తెచ్చారంటే అదంతా ఆ మొదటి అడుగుకు కొనసాగింపే. ఆ అడుగును కర్మకాండతో వివరించలేం. ఎందుకంటే కర్మకాండలో "కానివాడు" ఉండడు.

విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం నాడు పైడితల్లి సిరిమాను తిరుగుతుంది. నిలువెత్తు చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారు. లక్షలమంది చేతులెత్తి మొక్కుతారు. అక్కడ కూర్చున్నవాడు అమ్మవారి వేషం వేశాడని ఎవరూ అనరు, అనుకోరు. పూనకం వచ్చిన మనిషి "నేను అమ్మను" అంటే అది నటన కాదు, అబద్ధమూ కాదు. నమ్మకం. ఆ నమ్మకంతో మనకు పేచీ ఉండవచ్చు గాని దాన్ని నాటకం అనడం పొరపాటు.

తూర్పు భాగోతంలో సత్యభామ వేరు. మద్దెలలు మోగుతుంటాయి. భామ జడ వేసుకుని, నగలు పెట్టుకుని, వయ్యారంగా వస్తుంది. ఆ భామ నిన్న తమతో కలిసి వరిమోపులు మోసిన మగవాడని ఎదురుగా కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. తెలిసే కూర్చుంటారు. కృష్ణుడి కోసం ఆమె పడే విరహానికి తెలిసే కళ్లు చెమర్చుకుంటారు. దేవుడు దిగిరావడంతో నాటకం పుట్టలేదు. "వీడు దేవుడు కాడు, మనవాడే, అయినా ఈ రాత్రికి అనుకుందాం" అని రెండు పక్షాలూ ఒప్పుకోవడంతో పుట్టింది. ఆ ఒప్పందం నోటితో చెప్పుకునేది కాదు. అయినా అది ఒప్పందమే.

సోలన్ అడిగిన ప్రశ్నే, అంత కటువుగా కాకపోయినా, నేను ఒకసారి భామవేషాలు వేసి వయసు మళ్లిన ఒక పెద్దాయన్ని అడిగాను. "గురువుగారూ, ఇంతమంది ముందు ఆడవేషంలో నిలబడ్డానికి ఎప్పుడైనా సిగ్గేసిందా?" అని.

ఆయన నవ్వాడు. "ఏసానికి సిగ్గేటి బాబూ? నాను బామని కానని నాకూ తెలుసు, సూసినోలకీ తెలుసు. సిగ్గల్లా తెల్లారినాకే. రేత్తిరి బామమ్మా అని దణ్ణమెట్టినోడే పొద్దున్నకి ఒరే అంతాడు."

మొదటి రెండు వాక్యాలూ థెస్పిస్ చెప్పిన జవాబే. తర్వాతి మాట థెస్పిస్ అనలేదు. దాని సంగతికి మళ్లీ వస్తాను.

ముందు సోలన్ భయం ఎంతవరకు నిజమో చూడాలి. ఆట ఒడంబడికల్లోకి వస్తుందన్నాడు. వచ్చింది. కాని థెస్పిస్ బండి మీద రాలేదు. సోలన్ బంధువే అయిన పిసిస్త్రాటస్ ఒకనాడు తన ఒంటి మీద తానే గాయాలు చేసుకుని, రక్తంతో బండిమీద సంతలోకి వచ్చాడు. శత్రువులు చంపబోయారని మొరపెట్టుకున్నాడు. జనం నమ్మి అతనికి దుడ్డుకర్రల దళాన్ని రక్షణగా ఇచ్చారు. ఆ దళంతోనే అతడు నగర దుర్గాన్ని పట్టుకుని నియంత అయ్యాడు. ఇది క్రీ.పూ. 561 ప్రాంతపు మాట. తర్వాత ఒకసారి పదవి పోతే, ఫ్యూ అనే ఆజానుబాహువైన పల్లెటూరి యువతికి కవచం తొడిగి, రథమెక్కించి, ఎథీనా దేవతే స్వయంగా అతణ్ణి కోటకు తీసుకువస్తున్నదని ముందు చాటింపు వేయించుకున్నాడు. జనం ఆ పిల్లకు మొక్కి నియంతను తిరిగి రానిచ్చారు. గ్రీకులంతటి తెలివైనవాళ్లు ఇంత పిచ్చి ఎత్తుకు లొంగారా అని హెరడోటస్ ఆశ్చర్యపోతాడు. మనకు అంత ఆశ్చర్యం అక్కరలేదు.

తమాషా ఏమిటంటే, ఏథెన్సు మహోత్సవంలో విషాదనాటకాల పోటీ మొదలైందని చెప్పే క్రీ.పూ. 534 కూడా ఈ పిసిస్త్రాటస్ ఏలుబడిలోనిదే. ఒకే నగరం, ఒకే తరం. ఒకవైపు థెస్పిస్ ముఖానికి రంగు పూసుకుని "నేను నటిస్తున్నాను, చూడండి" అన్నాడు. ఇంకోవైపు పిసిస్త్రాటస్ ఒంటికి నెత్తురు పూసుకుని నటించానని చెప్పకుండా రాజ్యం పుచ్చుకున్నాడు. ఇద్దరిలో అబద్ధమాడింది ఎవరు? సోలన్ రెండోదాన్నీ కనిపెట్టాడు, ఎదిరించాడు, ఎవరూ వినలేదు. కాని రెండింటికీ ఒకే కర్ర ఎత్తాడు. తెలుగుభాష కూడా రెండింటికీ వేషమన్న ఒకే మాట వాడుకుంటుంది.

పూనకంలో ఇద్దరూ నమ్ముతారు. వేషంలో ఇద్దరికీ తెలుసు. మోసంలో ఒకడికే తెలుసు. ఇంతకంటె సులువైన లెక్క లేదు.

అయితే ఆ లెక్క అంత సులువుగా తేలదు. దానికి అడ్డం వచ్చేవాడు మా ప్రాంతం వాడే, గురజాడ. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు తొలిసారి ఆడారు. అచ్చయింది 1897లో. శుల్కం పుచ్చుకుని ఆడపిల్లల్ని అమ్మిన పెళ్లిళ్లు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణుల్లో మూడేళ్లలో వెయ్యికి పైగా తేలాయని ఆ పీఠికలోనే ఉంది. ఆ నాటకంలో కరటకశాస్త్రి వృత్తిరీత్యా విదూషకుడు, అంటే నటుడు. మేనకోడలు సుబ్బిని లుబ్ధావధాన్లనే ముసలివాడికి అమ్మకుండా ఆపాలి. ఏం చేశాడు? తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, తాను గుంటూరుశాస్త్రిగా మారి, ఆ 'పిల్ల'ను లుబ్ధావధాన్లకు అమ్మాడు. సోలన్ భయపడ్డదేమిటో అక్షరాలా అదే జరిగింది. ఆట వచ్చి ఒడంబడికలో కూర్చుంది. లుబ్ధావధాన్లుకు తెలియదు, కనక నా లెక్క ప్రకారం ఇది మోసం.

మోసమే. దాని ఫలితాలూ చిన్నవి కావు. పెళ్లికూతురు మాయమైపోయేసరికి లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడింది. గురజాడ దీన్ని దాచలేదు, నవ్వులో కలిపి తప్పించుకోలేదు. అయినా చదివేవాడి మనసు కరటకశాస్త్రిని పిసిస్త్రాటస్ పక్కన నిలబెట్టడానికి ఒప్పుకోదు. ఎందుకు?

అది ఎలాంటి ఒడంబడిక అన్నది ఒక కారణం. పసిపిల్లను వెలకట్టి అమ్మడమే ఆ ఒప్పందం. అందులో అమ్ముడుపోయే మనిషిని ఎవరూ అడగలేదు. సోలన్‌కు ఒడంబడికంటే గౌరవం. కాని అన్ని ఒడంబడికలూ గౌరవానికి తగినవి కావని అతడికి తెలియకేం, మనిషి ఒంటిని తాకట్టు పెట్టే అప్పుపత్రాలను రద్దు చేసింది అతడే కదా. రెండో కారణం, ఎవరు ఎవరిమీద వేషం వేస్తున్నారన్నది. పిసిస్త్రాటస్ జనం మీద వేశాడు, జనం చేతిలోని అధికారం లాక్కోవడానికి. కరటకశాస్త్రి డబ్బున్న కొనుగోలుదారు మీద వేశాడు, నోరులేని పిల్లను విడిపించడానికి. తెలిసి చూడడం ఒక్కటే కొలత అయితే ఈ రెండూ ఒకటే. బలాబలాలు కూడా తూస్తే ఒకటి కావు. నీతిని తూచేటప్పుడు బలాన్ని తూకంలో వెయ్యనివాళ్లు సాధారణంగా బలవంతుల పక్షాన తేలుతుంటారు.

నాటకం ప్రమాదకరమన్న సోలన్ ఊహ మరో విధంగా కూడా నిజమే. మిలేటస్ నగరాన్ని పారశీకులు క్రీ.పూ. 494లో నేలమట్టం చేశారు. అది ఏథెన్సు వాళ్లకు చుట్టాల ఊరు. కొద్దికాలానికే ఫ్రినికస్ ఆ పతనాన్ని నాటకంగా ఆడిస్తే ప్రేక్షకులందరూ ఏడ్చారు. ఏడిపించినందుకు అతనికి వెయ్యి ద్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకం ఇంకెవ్వరూ ఆడకూడదన్నారు. సొంత దుఃఖం సొంతవాళ్లకు గుర్తుచేశాడన్నదే నేరం. ఇక్కడ అబద్ధమెక్కడుంది? నిజం ఎక్కువైంది, అంతే. అదే నగరం క్రీ.పూ. 472లో ఈస్కిలస్ 'పారశీకులు' చూసి బహుమతిచ్చింది. సలామిస్ యుద్ధంలో తాము ఓడించిన శత్రువుల తల్లులూ ముసలివాళ్లూ రొమ్ములు బాదుకుంటుంటే, గెలిచిన ఎనిమిదేళ్లకు ఏథెన్సు పౌరులు కూర్చుని చూశారు. తాను కానివాడుగా నిలబడడం నటుడి పని అయితే, శత్రువు దుఃఖంలో కూర్చోవడం ప్రేక్షకుడి పని. రెండోదే ఎక్కువ కష్టమేమో! ఇదంతా చెబుతూ, ఆ ఏథెన్సు ఐశ్వర్యం వెనక లారియం వెండిగనుల్లో బానిసలు చచ్చిపోతున్నారన్నది మరిచిపోకూడదు. వాళ్ల మీద ఏ బృందమూ ఏడవలేదు.

ఇక పెద్దాయన చెప్పిన తెల్లారిన తర్వాతి సంగతి.

ఏథెన్సులో నటుడు పౌరుడు. మాసిడోనియా రాజు ఫిలిప్ దగ్గరికి రాయబారానికి నటులను పంపిన సందర్భం కూడా ఉంది. అయినా డెమోస్తనీస్ తన ప్రత్యర్థి ఈస్కినీస్‌ను నిందించవలసి వచ్చినప్పుడు, నువ్వు మూడోరకం వేషగాడివి కాదా అని పదేపదే పొడిచాడు. గౌరవించిన చోటే ఆ ముల్లు ఉంది. రోములో అది ముల్లు కాదు, శాసనం.

రోముకు రంగస్థలం వచ్చిన విధం లివీ రాశాడు. క్రీ.పూ. 364లో మహమ్మారి పట్టుకుంది. ఏ శాంతికీ తగ్గకపోతే దేవతలను ప్రసన్నం చేసుకోవడానికి ఎట్రూరియా నుంచి నర్తకులను రప్పించారు. మన పల్లెల్లో అమ్మవారు పోసినప్పుడు జాతర చేసినట్టే. క్రీ.పూ. 240లో కథ ఉన్న నాటకం మొదట ఆడించినవాడు లివియస్ ఆండ్రోనికస్, గ్రీకువాడు, బానిసగా ఉండి విడుదలైనవాడని చెబుతారు. టెరెన్స్ కూడా బానిసగా వచ్చినవాడే. అంటే రోము తన వినోదాన్ని కొని తెచ్చుకుంది. కొని తెచ్చుకున్నదాన్ని నీచంగానే చూసింది. డబ్బు తీసుకుని రంగం మీదికెక్కినవాడికి పరువుహక్కులు లేవు. క్రీ.పూ. 154లో, కట్టిన రాతి నాటకశాలను పూర్తికాకుండానే సెనేటు పడగొట్టించింది; కూర్చుని చూస్తే రోమను చెడిపోతాడట! తర్వాత వందేళ్లకు, క్రీ.పూ. 55లో, పాంపీ రాతి నాటకశాల కట్టి, పైన వీనస్ దేవతకు గుడి పెట్టాడు. ఇది గుడే, మెట్లు గుడి మెట్లే అని చెప్పుకోవడానికని తర్వాతి వాళ్లు అన్నారు.

లివీ రాసిన ఇంకో ముక్క నన్ను చాలా రోజులు వెంటాడింది. రోము యువకులు అటెల్లా ఊరి ప్రహసనాలను తమలో తాము ఆడుకునేవారు. వృత్తి నటులను అందులోకి రానిచ్చేవారు కాదు. అంచేత వాటిని ఆడినవాళ్లకు పౌరహోదా పోలేదు, సైన్యంలో చేరే హక్కు పోలేదు. చేసే పని ఒకటే, వేషం ఒకటే, మాటలు ఒకటే. కడుపు కోసం ఆడితే నీచం. సరదాకి ఆడితే కళ.

లబేరియస్ కథ దీనికి పరాకాష్ఠ. అతడు అశ్వికవర్గానికి చెందిన పెద్దమనిషి, ప్రహసనాలు రాసేవాడు, అరవయ్యేళ్లవాడు. క్రీ.పూ. 46లో సీజరు అతణ్ణి స్వయంగా రంగమెక్కి ఆడమన్నాడు. సీజరు మాట కాదనగలిగినవాడెవడు? ఆడాడు, దాంతో హోదా పోయింది. సీజరు అయిదు లక్షల సెస్టర్సులూ, హోదాకు గుర్తయిన బంగారుటుంగరమూ ఇచ్చి దాన్ని తిరిగి కట్టబెట్టాడు. అతడు వెళ్లి తన వర్గంవాళ్ల వరసలో కూర్చోబోతే వాళ్లు కాళ్లు చాపుకుని సర్దుకు కూర్చుని చోటు లేకుండా చేశారు. ఉంగరం ఇచ్చే అధికారం సీజరుకు ఉంది గాని పంక్తిలో చోటిచ్చే అధికారం లేదు. పంక్తి అంటే ఏమిటో మనవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

మన నాట్యశాస్త్రంలో నాటకం పుట్టుక కథ ఒకటి కాదు, రెండు. అందరికీ తెలిసినది మొదటిది: వేదం వినే అర్హత లేని శూద్రులకు కూడా చెందేటట్టు బ్రహ్మ అయిదో వేదంగా నాట్యాన్ని సృష్టించాడు. ఆ మొదటి ప్రదర్శనలోనే అసురుల ఓటమి చూపించారు. అసురులకు కోపం వచ్చి విఘ్నాలు కలిగించారు. ఇంద్రుడు ధ్వజం అందుకుని వాళ్లను చావగొట్టాడు. అదే జర్జరమయింది. సోలన్ కర్ర నేల మీద పడితే మన కర్ర ప్రేక్షకుల్లో ఒక పక్షం మీద పడింది. రెండో కథను గ్రంథం చివర పెట్టారు, దాన్ని మన పండితులు గట్టిగా చదవరు. భరతుడి కొడుకులు ఆటలో ఆరితేరి, గర్వించి, ఋషులనే వెక్కిరిస్తూ ప్రహసనం ఆడారు. ఋషులు శపించారు: మీరు శూద్రులైపోతారు, మీ వంశమూ అంతే. అందరికీ వేదమని మొదటి అధ్యాయం, ఆడినవాడికి శాపమని చివరి అధ్యాయం. ఇది కట్టుకథ అని తోసిపుచ్చడం కంటె, ఆడేవాళ్లు ఏ కులాల్లో ఉన్నారో చూసిన తర్వాత దానికి కారణంగా అల్లిన కథ అనుకోవడం నాకు సబబుగా తోస్తుంది. శాపం ముందు రాలేదు, అంటరానితనం ముందు వచ్చింది.

'కన్యాశుల్కం' చివర మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. ఆయన మంచివాడు, సానివాళ్ల గాలి సోకనివ్వని మంచివాడు. ఆ వేషంలో ఉన్నంతసేపూ ఆయనకు ఆమెతో మాట్లాడడానికి అభ్యంతరం లేదు. నిజం బయటపెట్టగానే వచ్చింది చిక్కు. అబద్ధానికి పీట వేసి, నిజానికి గుమ్మం చూపించే మర్యాదను గురజాడ ఎంత మెత్తగా పట్టుకున్నాడో!

ఇంత పట్టుకున్న నాటకానికి సైతం చరిత్రలో ఒక సౌకర్యం దొరికింది. చదువుకున్నవాళ్ల సమాజాలు ఆడినప్పుడు దాన్ని నాటకమన్నారు. తూర్పు భాగోతం వాళ్లు ఆడేది భాగోతంగానే ఉండిపోయింది. వకీళ్లూ గుమాస్తాలూ మేష్టర్లూ రంగు పూసుకుంటే కళాసేవ. తరతరాలుగా మద్దెల మీద బతికే బ్రాహ్మణేతర కులాలవాళ్లు ఆడితే వీధిబాగోతం. అటెల్లా ప్రహసనాల రోము యువకులకూ, మన నాటక సమాజాలకూ ఎక్కడా పరిచయం లేకపోయినా న్యాయం ఒకటే.

అభ్యుదయ వాదులు ఈ గోడ పగలగొట్టారు, కాదనను. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథనూ, వీధి భాగవతాన్నీ రంగం నడిమికి తెచ్చింది. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' ఊరూరా ఆడి నిషేధానికి గురయింది. ప్రభుత్వం 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టాన్ని ఊరికే చేసుకోలేదు. మా జిల్లాలో సుబ్బారావు పాణిగ్రాహి, గుడిలో అర్చకత్వం చేసిన బ్రాహ్మణుడు, జముకు చేతబట్టాడు. గ్రామదేవతల కథలు చెప్పుకునేవాళ్ల వాయిద్యం అది. 1969 డిసెంబరులో ఆయన పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆయన రాజకీయాలతో నాకు అన్ని విషయాల్లోనూ ఏకీభావం లేదు, కాని లబేరియస్ దిగలేక దిగిన మెట్టును ఆయన కోరి దిగాడన్నది నిజం.

కాని మనం తీసుకున్నది రూపాన్ని. ప్రజాకళారూపాలు అన్నాం. రూపం సభల్లోకి వచ్చింది, ఎర్రజెండా కింద నిలబడింది, తర్వాత ప్రభుత్వ ప్రచారాల్లోకీ కుటుంబనియంత్రణ పాటల్లోకీ పోయింది. జముకు వాయించే ఇంటిమనిషి ఏమయ్యాడని అడిగినవాళ్లు తక్కువ. ఆ ఇంటిబిడ్డలు ఇప్పుడు కాలేజీలకు వస్తున్నారు. అది నిస్సందేహంగా మంచిదే.

పోయిన సంవత్సరం నా తరగతిలో ఒక కుర్రవాడు ఉపకారవేతనం దరఖాస్తు నింపుతూ సంతకానికి వచ్చాడు. తండ్రి వృత్తి అన్న చోట ఖాళీగా ఉంది. వాళ్ల నాన్న భాగోతంలో మద్దెల వాయిస్తాడని నాకు తెలుసు. తక్కిన రోజుల్లో కూలికి పోతాడని కూడా తెలుసు. "కళాకారుడు అని రాయి" అన్నాను. తల వంచుకుని కొంచెంసేపు ఊరుకున్నాడు. "అలా రాస్తే కూలివాళ్ల కింద వచ్చేది రాదేమో సార్" అన్నాడు. తర్వాత, గొంతు తగ్గించి, "హాస్టల్లో కూడా తెలుస్తుంది" అన్నాడు.

వ్యవసాయ కూలి అని రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను. అందులో అబద్ధమేమీ లేదు.